నాగజెముడు పండు: ముల్లు దాటి గుజ్జు దాకా

నాగజెముడు దగ్గరికి వెళ్ళినవాళ్ళు ముందు చూసేది పొడవాటి ముళ్ళను. జాగ్రత్తపడేదీ వాటి గురించే. అయితే ఆ ముళ్ళతో పెద్ద చిక్కేమీ లేదు. కళ్ళకు కనిపిస్తాయి, తప్పించుకోవచ్చు, గుచ్చుకున్నా పట్టి లాగితే వచ్చేస్తాయి. పండు తినాలనుకున్నవాళ్ళను నిజంగా బాధపెట్టేవి వెంట్రుక కంటే సన్నగా, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవున, కుచ్చులు కుచ్చులుగా ఉండే నూగుముళ్ళు. ఏ వేళకు కోయాలి, ఏ చేతితొడుగు వేసుకోవాలి, రసం ఏ గుడ్డతో వడకట్టాలి అన్నవన్నీ వీటిని బట్టే తేలతాయి. ఆ తర్వాతి చిక్కులు మూడు: గట్టి గింజలు, జిగురు, పులుపు దాదాపు లేని రసం. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది. కారణం తెలిస్తే పని సగం తేలికవుతుంది. తెలియకుండా ఎక్కడో చదివిన కొలతలు పట్టుకుని దిగితే వేళ్ళ మంట, గడ్డకట్టని జెల్లీ, రెండో రోజుకే పొంగిపోయిన సీసా మిగులుతాయి.

తొక్కగా కనిపించేది కాండమే

నాగజెముడు పువ్వులో అండాశయం బయటికి ఉండదు, కాండపు కొనలోకి దిగి ఉంటుంది. పువ్వు రాలి కాయ ఊరేటప్పుడు ఆ కాండపు భాగం కూడా కాయతో పాటు పెరుగుతుంది. మనం తొక్క అనుకునే 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందపు పొర అదే. అందుకే మట్టల (మొక్కలోని చదునైన పచ్చటి కాండపు పలకల) మీద ఉన్నట్టే పండు మీద కూడా వరుసల్లో చుక్కల్లాంటి ‘కళ్ళు’ ఉంటాయి. ముళ్ళు, నూగుముళ్ళు ఆ కళ్ళలోంచే మొలుస్తాయి. పచ్చి కాయను మట్టిలో గుచ్చితే వేళ్ళు పోసుకుని కొత్త మొక్కగా లేవగలదంటే, అది ఇంకా కాండపు లక్షణం వదులుకోలేదన్నమాట.

వంటగదిలో దీనివల్ల ఒక పెద్ద లాభం ఉంది. తొక్క, గుజ్జు రెండూ వేర్వేరు పొరలు కాబట్టి ఒకదాన్నుంచి ఒకటి శుభ్రంగా విడిపోతాయి. పండును పలచగా చెక్కనక్కర్లేదు. ఒక గాటు పెట్టి అంచు లేపితే, తొక్క మొత్తం చుట్టలా ఊడి వచ్చేస్తుంది. ముళ్ళన్నీ ఆ తొక్క మీదే ఉన్నాయి, ఆ తొక్క ఎలాగూ పారేసేదే. అంటే ప్రతి నూగుముల్లునూ పీకాల్సిన పని లేదు. అవి తొక్క మీద నుంచి చేతికి, చేతి నుంచి కత్తికి, కత్తి నుంచి గుజ్జుకు పాకకుండా ఆపితే చాలు. కింద చెప్పిన పద్ధతులన్నిటి వెనకా ఉన్న లెక్క ఇదొక్కటే.

నూగుముల్లుకు ఒళ్ళంతా వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి, చేపల గాలంలాగా. లోపలికి సులువుగా దిగుతుంది, బయటికి రాదు. పైగా మొదట్లో దాని పట్టు చాలా వదులు. తాకితే చాలు, కంటి నుంచి ఊడి చర్మానికి అంటుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు గాలికి కూడా లేస్తుంది. తడిసినప్పుడు మాత్రం కుచ్చు మొత్తం ఒకదానికొకటి అంటుకుని, ఎగరకుండా నీళ్ళతో పాటు జారిపోతుంది. పొడిగా ఉంటే ఎగురుతుంది, తడిగా ఉంటే జారుతుంది అన్న ఈ ఒక్క తేడా గుర్తుంటే మిగతా సంగతులు వాటంతటవే అర్థమవుతాయి.

‘ముళ్ళు లేని రకం’ అని అమ్మే మొక్కల విషయంలో చాలామంది మోసపోయేది ఇక్కడే. వాటికి లేనివి పొడవాటి ముళ్ళు. పండు మీద నూగుముళ్ళు వాటికీ ఉంటాయి. ముల్లు కనిపించక ధైర్యంగా ఒట్టి చేత్తో పట్టుకుంటారు కాబట్టి, గుచ్చించుకునేది ఈ రకంతోనే ఎక్కువ.

ఏ పండు, ఎప్పుడు

ప్రపంచంలో ఎక్కువగా సాగులో ఉన్నది మెక్సికోలో పుట్టిన ఒపన్షియా ఫికస్-ఇండికా. పండు కోడిగుడ్డు కంటే పెద్దది, 100 నుంచి 200 గ్రాముల దాకా తూగుతుంది. గుజ్జు తెలుపు-ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు, ముదురు ఊదా రంగుల్లో దొరుకుతుంది. బీళ్ళలో, కంచెల వెంట దానంతటదే పెరిగే ఒపన్షియా డిల్లెని పండు చిన్నది. రంగు ముదురు ఊదా, గింజలెక్కువ, గుజ్జు తక్కువ, కాస్త పులుపు. మొదటిది వలుచుకుని తినడానికి, రెండోది రసానికి తగినవి. చిన్న పండ్లను ఒక్కొక్కటీ వలవాలని కూర్చుంటే శ్రమే తప్ప చేతికొచ్చేది ఉండదు. మెక్సికోలో షోకోనోస్తలే అనే పుల్లటి రకాలు కూడా ఉన్నాయి. వాటిది తలకిందుల లెక్క: మధ్యలోని గింజల ముద్దను తీసేసి, చుట్టూ ఉన్న మందపాటి గోడను వండుకుంటారు.

ఒక హెచ్చరిక. జెముడు పేరుతోనే పిలిచే మొక్కల్లో కోస్తే తెల్లటి పాలు కారేవి ఉన్నాయి. అవి వేరే కుటుంబానికి చెందినవి, ఆ పాలు చర్మాన్ని, కళ్ళను తీవ్రంగా బాధిస్తాయి. నాగజెముడు మట్టను కోస్తే వచ్చేది రంగులేని జిగురు మాత్రమే. పాలు కారాయంటే దాని జోలికి వెళ్ళకూడదు.

మట్టల మీద తెల్లటి దూది ఉండల్లాంటివి కనిపిస్తే అవి కాక్టస్ రసం పీల్చే పురుగులు. నలిపితే ఎర్రటి రంగు వస్తుంది. పండు లోపలికి వాటివల్ల వచ్చే నష్టం లేదు, నీటి ధారతో కడిగితే పోతాయి.

కోశాక పండే పండు కాదు ఇది. చెట్టు మీద ఎంత తీపి పట్టిందో అంతే. పచ్చిది తెచ్చి ముగ్గేస్తే మెత్తబడి కుళ్ళుతుందే గానీ తియ్యబడదు. రంగు ఒక్కటే చూసి కోయడం కూడా సరికాదు, ఎందుకంటే కొన్ని తెల్ల గుజ్జు రకాలు పూర్తిగా పండినా పైకి ఆకుపచ్చగానే ఉంటాయి. నమ్మదగ్గ గుర్తు పండు తలభాగంలో ఉంది. పువ్వు రాలిన చోట పచ్చికాయకు లోతైన గుంట ఉంటుంది. పండే కొద్దీ ఆ గుంట పైకి లేచి దాదాపు చదునవుతుంది. నూగుముళ్ళు కూడా వాటంతటవే రాలడం మొదలవుతుంది. పట్టకారుతో నొక్కితే కొద్దిగా లొంగాలి, వేలిముద్ర పడేంత మెత్తనైతే మితిమీరినట్టే.

కోతకు తెల్లవారుజామే మంచిది. రాత్రి మంచుకు నూగుముళ్ళు తడిసి ఉంటాయి, గాలీ తక్కువ. ఎండెక్కాక, గాలి వీస్తుండగా కోస్తే ముఖం మీదికి, మెడ మీదికి వస్తాయి. గాలికి అడ్డంగా కాకుండా గాలి వచ్చే వైపు నిలబడాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. పండును పట్టకారుతో పట్టి మెలితిప్పితే ఊడుతుంది గానీ, తరచుగా అడుగున తొక్క చిరుగుతుంది. ఆ చిరుగులోంచే బూజు మొదలవుతుంది. నిల్వ పెట్టదలిస్తే కత్తితో, మట్ట ముక్క కొంచెం పండుకే అంటి ఉండేలా కోయాలి. రెండు మూడు రోజుల్లో ఆ ముక్క ఎండి రాలిపోతుంది, గాయం మూసుకుంటుంది.

ఇటలీలోని సిసిలీ దీవి రైతులు చేసే పని ఒకటి ఇక్కడ చెప్పుకోదగ్గది. మే చివర, జూన్‌లో వచ్చిన మొదటి పూతను చేత్తో రాల్చేస్తారు. చెట్టు మళ్ళీ పూస్తుంది. ఆ రెండో కాపు ఆగస్టుకు బదులు అక్టోబరు, నవంబరుల్లో పండుతుంది. ఆలస్యంగా వచ్చినా పండు పెద్దది, గుజ్జు ఎక్కువ, ధరా ఎక్కువ.

నీళ్ళా, నిప్పా

నూగుముళ్ళు తీయడానికి ఈ రెండు దారులే ఎక్కువ వాడుకలో ఉన్నాయి. రెండూ పనిచేస్తాయి. కలిపితే మాత్రం ఏదీ పనిచేయదు. తడి పండును మంట మీద పెడితే నీరు ఆవిరయ్యేలోపు తొక్క ఉడుకుతుంది, ముళ్ళు కాలవు.

నిప్పు పద్ధతి నాలుగైదు పండ్లకు సరిపోతుంది. పండు పూర్తిగా పొడిగా ఉండాలి. పొడవాటి పట్టకారుతో పట్టి, గ్యాస్ మంట మీద తిప్పుతూ 10 నుంచి 15 సెకన్లు కాల్చాలి. నూగు చిటపటమని నిప్పురవ్వల్లా కాలిపోతుంది. తొక్క మీద నిగనిగ మొదలైందంటే చాలు. ఇంకా ఉంచితే బయటి గుజ్జు వేడెక్కి ఉడికిన వాసన వేస్తుంది. మంట కొనలను కాలుస్తుంది గానీ కంటి గుంటలో లోతుగా ఉన్నవి మొదళ్ళతో సహా మిగిలిపోవచ్చు. కాబట్టి కాల్చిన పండును కూడా ఒట్టి చేత్తో పట్టుకోకూడదు.

ఎక్కువ పండ్లుంటే నీళ్ళ పద్ధతే మేలు. లోతైన బకెట్లో పండ్లు వేసి, అవి మునిగి ఇంకో జానెడు పైకి ఉండేలా నీళ్ళు పోయాలి. కర్రతో రెండు మూడు నిమిషాలు గట్టిగా కలియబెట్టాలి. పండ్లు ఒకదానికొకటి రాసుకుని నూగు రాలుతుంది. పది నిమిషాలు ఆగి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో మళ్ళీ కలియబెట్టాలి. మూడు విడతలకు చాలావరకు పోతాయి. ఆ తర్వాత ఒక్కో పండునూ పట్టకారుతో పట్టి, పారే నీళ్ళ కింద గట్టి కుచ్చు బ్రష్‌తో కళ్ళ మీద రుద్దాలి. రెండు కొనల దగ్గర, ముఖ్యంగా పువ్వు రాలిన గుంట అంచున, నూగు దట్టంగా ఉంటుంది. అక్కడ ఎక్కువసేపు రుద్దాలి.

నీళ్ళు పారబోసే చోటు కూడా ఆలోచించుకోవాలి. చెప్పుల్లేకుండా నడిచే చోట, పిల్లలు ఆడుకునే చోట వద్దు. వాడిన బ్రష్‌ను మళ్ళీ ఇంకో పనికి వాడకూడదు. గిన్నెలు తోమే స్పాంజితో ఈ పండును రుద్దడం అన్నిటికంటే చెడ్డ ఆలోచన. స్పాంజిలో చేరిన నూగు బయటికి రాదు, నెల తర్వాత కూడా ఎవరి వేళ్ళకో తగులుతుంది. అల్లిక చేతితొడుగులదీ అదే కథ. తోలువి లేదా మందపాటి రబ్బరువి వాడి, విప్పకముందే వాటి మీద నీళ్ళు పోసి కడగాలి. పలచని రబ్బరు తొడుగుల్లోంచి నూగు దిగుతుంది. ఎంత మంచి తొడుగులున్నా పట్టకారుకు సాటిరావు.

వలవడం

పలక మీద పాత వార్తాపత్రిక పరచాలి. పండును అడ్డంగా పెట్టి ఫోర్కుతో మధ్యలో గుచ్చి పట్టుకోవాలి. రెండు కొనలనూ అర సెంటీమీటరు మందాన కోసేయాలి. తర్వాత ఈ కొన నుంచి ఆ కొనకు పొడవునా ఒకే గాటు, తొక్క మందం మేరకే. గాటు లోతు చాలకపోతే తొక్క ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. ఎక్కువైతే గుజ్జు తెగి రసం కారుతుంది. కత్తి దిగేటప్పుడు తొక్క కాస్త గట్టిగా తగిలి, గుజ్జు రాగానే ఒక్కసారిగా మెత్తబడుతుంది. ఆ తేడా చేతికి తెలుస్తుంది. గాటు అంచు కిందికి కత్తిమొన దూర్చి తొక్కను పక్కకు ఒత్తుతూ పండును దొర్లిస్తే, తొక్క పరుచుకుంటుంది, గుజ్జు బయటికి దొర్లుతుంది. ఆ గుజ్జును ఇంకో ఫోర్కుతో, శుభ్రమైన ఇంకో గిన్నెలోకి తీసుకోవాలి. తొక్కను తాకిన ఫోర్కు గుజ్జును తాకకూడదు.

నూగుముల్లు నోట్లోకి వెళ్ళే సందర్భాల్లో ఎక్కువ భాగం ఇక్కడ జరిగే తొందరపాటు వల్లే. పది పండ్లు వలిచేటప్పుడు ప్రతి మూడు నాలుగు పండ్లకూ కత్తి కడగాలి, పత్రిక మార్చాలి. అంతా అయ్యాక వలిచిన గుజ్జును చల్లటి నీళ్ళలో ఒకసారి ముంచి తీస్తే, అంటుకున్న ఒకటీ అరా కూడా పోతుంది. రుచేమీ తగ్గదు. తొక్కలను అదే పత్రికలో చుట్టి పారేయాలి.

వలిచిన పండును గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి తినడం ఉత్తమం. పుచ్చకాయను, దోసకాయను తలపించే ఆ పలచటి సువాసన చల్లగా ఉన్నప్పుడే బాగుంటుంది. పులుపు దాదాపు లేదు కాబట్టి రెండు చుక్కల నిమ్మరసం, చిటికెడు ఉప్పు చేరిస్తే తీపి తేటగా తెలుస్తుంది.

గుచ్చుకుంటే

మొదటి నియమం రుద్దకూడదు. రుద్దితే విరిగి లోపలే ఉంటాయి, పక్క చర్మానికీ పాకుతాయి. నోటితో పీకడం ఇంకా ప్రమాదం, వేలిలో ఉన్నది పెదవికి చేరుతుంది. మంచి వెలుతురులో, వీలైతే భూతద్దంతో చూస్తూ, ట్వీజర్లతో ముల్లు ఏటవాలుగా ఉన్న దిశలోనే లాగాలి. కనిపించినవన్నీ అయ్యాక కాగితాలు అతికించే తెల్ల జిగురును పలచగా పూసి, మీద పలచని గుడ్డముక్క పరచి, అరగంట ఆరనిచ్చి, గుడ్డతో పాటు ఒకే ఊపులో లాగేయాలి. ముందు ట్వీజర్లు, తర్వాత జిగురు అన్న వరుస ముఖ్యం. ఒక్క జిగురుతోనో, ఒక్క ట్వీజర్లతోనో వచ్చేవాటి కంటే రెండూ కలిపి చేస్తే చాలా ఎక్కువ వస్తాయి. అతుకు టేపు పైపైనున్న వాటినే తీస్తుంది. క్షణంలో అంటుకునే రకం జిగురు చర్మం మీద వాడకూడదు.

మిగిలిపోయినవి కొన్ని రోజుల్లో వాటంతటవే బయటపడవచ్చు. అలా కాక చిన్న చిన్న ఎర్రటి గట్టి పొక్కులు లేచి వారాల తరబడి తగ్గకపోతే చర్మవైద్యులకు చూపించాలి. కంట్లో పడితే ఇంటి వైద్యం వద్దు. రుద్దకుండా వెంటనే కంటి వైద్యుల దగ్గరికి వెళ్ళాలి. నాలుకకు గుచ్చుకున్నవి అద్దంలో చూస్తూ ట్వీజర్లతో తీయవచ్చు. గొంతులో గుచ్చుకున్నట్టు ఉండి మింగడం కష్టమైతే, వాపు వస్తే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

గింజలు నమలాలా, మింగాలా

పెద్ద పండులో వంద నుంచి మూడు వందల దాకా గింజలుంటాయి. చాలా గట్టివి. నమిలితే పళ్ళు దెబ్బతింటాయి. గుజ్జును నాలుకతో అంగిట్లో నొక్కి, గింజలతో సహా మింగేయడమే ఈ పండు తినే తీరు. ఒకటి రెండు పండ్లకు ఇబ్బంది ఉండదు. అదే పనిగా పదీ పదిహేను తింటే మాత్రం అరగని గింజలు పెద్దపేగు చివర గుమిగూడి రాయిలా గట్టిపడతాయి. విసర్జన ఆగిపోయి, ఆసుపత్రిలో తీయాల్సి వచ్చిన సంఘటనలు ఈ పండు ఎక్కువగా తినే మధ్యధరా దేశాల వైద్యులకు కొత్త కాదు. చిన్నపిల్లల్లో, వృద్ధుల్లో, మలబద్ధకం ఉన్నవాళ్ళలో ఈ ముప్పు ఎక్కువ. పెద్దవాళ్ళు కూడా ఒక పూటకు రెండు మూడు పండ్లతో ఆగి, నీళ్ళు బాగా తాగాలి. పిల్లలకు గింజలు తీసిన గుజ్జే పెట్టాలి. పండులో పీచు ఉంది కాబట్టి మలబద్ధకానికి మందు అనుకుని గింజలతో ఎక్కువగా తినడం తలకిందుల పని.

రసం తీయడం

తొక్క బరువు పండు బరువులో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. గింజలు కూడా పోగా, కిలో పెద్ద పండ్ల నుంచి 400 మిల్లీలీటర్ల రసం వస్తే బాగా వచ్చినట్టే.

వలిచిన గుజ్జును మిక్సీలో వేసి ఒకటి రెండు సెకన్ల చొప్పున ఆపి ఆపి నాలుగైదు సార్లు తిప్పాలి. అంతకు మించితే గింజలు పగులుతాయి. పగిలిన గింజల నుంచి ఇసుకలాంటి గరుకు, ఒక రకమైన చేదు రసంలోకి దిగుతాయి. ఆ తర్వాత ఎంత వడకట్టినా అవి పోవు. చేత్తో పిసికినా, చిల్లుల గరిటెతో జల్లెడ మీద ఒత్తినా బాగానే వస్తుంది. నెమ్మదిగా జరుగుతుంది గానీ గింజ పగిలే భయం ఉండదు. మొదట గింజలు మాత్రమే ఆగే జల్లెడ వాడాలి. మొదటే సన్న గుడ్డలో పోస్తే జిగురు గుడ్డ రంధ్రాలను మూసేసి, పైన చెరువులా నిలిచిపోతుంది. ఆ జిగురు మట్టల్లో ఉండేలాంటిదే, నీటిని పట్టి ఉంచే పొడవాటి చక్కెర గొలుసులు. రసాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచితే ముద్ద అడుక్కి దిగుతుంది. పైన తేరిన రసాన్ని గుడ్డలో పోస్తే అప్పుడు సాఫీగా దిగుతుంది.

చిన్న ఊదా పండ్లకు వేరే దారి ఉంది, అది చాలా మంచి దారి. పండ్లను కడిగి, వలవకుండానే ఒక రాత్రి డీప్ ఫ్రీజర్‌లో గట్టిగా గడ్డకట్టించాలి. గడ్డకట్టేటప్పుడు కణాల్లోని నీరు మంచు పలుకులై గోడలను చీల్చేస్తుంది. మర్నాడు చిల్లుల గిన్నెలో దట్టమైన నూలు గుడ్డను రెండు మడతలు పరచి, పండ్లను అందులో వేసి, కింద పాత్ర పెట్టి ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి. ఒక రోజు పడుతుంది. కరిగే కొద్దీ రసం దానంతటదే కారుతుంది. తొక్క, గింజలు, నూగు గుడ్డలో ఉండిపోతాయి. గరిటెతో పైనుంచి మెల్లగా నొక్కవచ్చు గానీ గుడ్డను చేత్తో పిండకూడదు. ఆ గుడ్డ నిండా ముళ్ళే. పని అయ్యాక దాన్ని పారేయడమే మంచిది.

పండ్లను తొక్కతో సహా మిక్సీలో వేసి వడకట్టమని చెప్పే వంటకాలు కనిపిస్తుంటాయి. ఆ పద్ధతి వద్దనే చెప్పాలి. నూగుముళ్ళు మిక్సీలో ఇంకా చిన్న ముక్కలవుతాయి. గుడ్డ ఏమాత్రం పలచనైనా ఆ ముక్కలు రసంతో పాటు దిగుతాయి, కంటికి కనిపించవు కూడా.

పులుపు లేకపోవడమే అసలు మెలిక

చాలా పండ్ల రసాల్లో సహజంగా ఉండే పులుపు వాటిని కొంతవరకు కాపాడుతుంది. పులుపును కొలిచే అంకె పీహెచ్; అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. సాగు రకాల నాగజెముడు గుజ్జు పీహెచ్ 5.5 నుంచి 6.5 దాకా ఉంటుంది, అంటే దాదాపు కూరగాయల లెక్క. చక్కెర 12 నుంచి 15 శాతం. తీపి ఉండి పులుపు లేని రసంలో సూక్ష్మజీవులు హాయిగా పెరుగుతాయి. బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఫ్రిజ్‌లో రెండు రోజులే లెక్క.

ఇంకా తీవ్రమైన సంగతి సీసాల్లో నిల్వ. పీహెచ్ 4.6 కంటే ఎక్కువున్న పదార్థాన్ని మరిగించి, గాలి చొరకుండా మూతపెట్టి బయట ఉంచితే, వేడికి చావని బొటులినం అనే బ్యాక్టీరియా బీజాలు అందులో మొలకెత్తి విషం తయారుచేయగలవు. రంగు, వాసన మారకపోవచ్చు. కాబట్టి పుల్లదనం కలపకుండా ఈ రసాన్ని సీసాలో మూసి బయట పెట్టకూడదు. లీటరు రసానికి 60 మిల్లీలీటర్ల నిమ్మరసంతో మొదలుపెట్టి, పీహెచ్ పట్టీతో చూసుకుంటూ 4 కంటే కిందికి తేవాలి. పండును బట్టి ఎక్కువే పట్టవచ్చు. రసం రంగు ముదురైతే పట్టీ రంగు సరిగా తెలియదు, అప్పుడు చిన్న పీహెచ్ మీటరు కావాలి. అవేవీ లేనివాళ్ళకు డీప్ ఫ్రీజర్ ఒక్కటే భరోసా ఉన్న దారి.

సిరప్‌కు లీటరు రసం, 500 గ్రాముల చక్కెర, పైన చెప్పిన నిమ్మరసం. చక్కెర కరిగేదాకా సన్నసెగ మీద ఉంచి, అంచుల్లో చిన్న బుడగలు లేవగానే రెండు నిమిషాలు ఆగి దించేయాలి. తళతళా మరగనివ్వకూడదు. ఎరుపు, ఊదా రంగులనిచ్చేది బీట్‌రూట్‌లో ఉండే బెటానిన్. అది వేడికి, వెలుతురుకు, గాలికి తట్టుకోలేదు. అరగంట మరిగితే కెంపు రంగు కాస్తా ఇటుక రంగులోకి, ఆపైన గోధుమ రంగులోకి దిగుతుంది. నిమ్మరసం కలిపాక వేడిచేస్తే కొంత నయం. తెల్ల, ఆకుపచ్చ రకాల రసం వేడికి పాచిరంగు తిరుగుతుంది, వాటిని పచ్చిగా తినడమే న్యాయం. సిరప్‌ను ఫ్రిజ్‌లో ఉంచి రెండు వారాల్లో వాడేయాలి.

జెల్లీ ఎందుకు గడ్డకట్టదన్నది చాలామంది ప్రశ్న. రసం చిక్కగా, సాగుతూ ఉంటుంది కాబట్టి పెక్టిన్ (జెల్లీని గడ్డకట్టించే, పండ్లలో ఉండే పదార్థం) బాగా ఉందనుకుంటారు. ఆ చిక్కదనం జిగురుది, దానికి గడ్డకట్టే గుణం లేదు. మామూలు పెక్టిన్ పొడి వల కట్టాలంటే మూడు కావాలి: తగినంత పెక్టిన్, పీహెచ్ సుమారు 3 నుంచి 3.5, మొత్తంలో 60 శాతం దరిదాపుల చక్కెర. ఈ పండులో పెక్టిన్ తక్కువ, పులుపు చాలక పీహెచ్ ఎక్కువ, మూడోది మనం వేసేదే. 600 మిల్లీలీటర్ల రసం, 80 మిల్లీలీటర్ల నిమ్మరసం, 50 గ్రాముల పెక్టిన్ పొడి, 700 గ్రాముల చక్కెర అన్న కొలతతో మొదలుపెట్టవచ్చు. పెక్టిన్‌ను ముందుగా నాలుగు చెంచాల చక్కెరతో కలిపి రసంలో చల్లాలి, నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. నిమ్మరసం పోసి, కలిపినా అణగనంతగా మరిగాక మిగతా చక్కెర ఒకేసారి వేసి, మళ్ళీ అదే మరుగు వచ్చాక రెండు నిమిషాలు. పాత్ర కనీసం నాలుగింతలు పెద్దదై ఉండాలి, జిగురు వల్ల నురుగు అంచుదాకా పొంగుతుంది. చల్లటి పళ్ళెం మీద చుక్క వేసి, వేలితో నెడితే ముడతపడాలి.

కుదరకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఈ మూడింటిలో ఒకటి: తీపి ఎక్కువని చక్కెర తగ్గించడం, రెట్టింపు కొలతతో ఒకేసారి వండటం, గడ్డకట్టలేదని ఇంకా ఇంకా మరిగించడం. ఎక్కువసేపు మరిగితే పెక్టినే విరిగిపోతుంది, రంగూ పోతుంది. అలాంటప్పుడు దాన్ని సిరప్‌గా వాడుకోవడం మంచిది.

పెక్టిన్ పొడి లేని కాలంలోనే మెక్సికోలో దీనికి వేరే జవాబు కనుక్కున్నారు. సాన్ లూయిస్ పొటోసీ ప్రాంతంలో కార్డోనా అనే ఎర్ర రకం రసాన్ని, చక్కెర కలపకుండా, గంటల తరబడి మరిగించి పాకం పడతారు. దాన్ని చల్లార్చి పిసికి, కొట్టి, అచ్చుల్లో గట్టి మిఠాయి చేస్తారు. అదే రసాన్ని పులియబెడితే కోలోంచే అనే ఎర్రటి పానీయం అవుతుంది. సిసిలీలో రసాన్ని పిండితో ఉడికించి, అచ్చుల్లో పోసి ఎండబెడతారు. గడ్డకట్టని రసాన్ని గడ్డకట్టించాలని చూడకుండా, ఒకరు నీరు తీసేశారు, ఇంకొకరు పిండి బలం చేర్చారు.

ఎవరు చూసుకోవాలి

వంద గ్రాముల గుజ్జులో 41 కేలరీలు, 9.6 గ్రాముల పిండిపదార్థాలు, 3.6 గ్రాముల పీచు, 14 మిల్లీగ్రాముల సి విటమిన్, 85 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 220 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. పండ్లలో ఇంత మెగ్నీషియం అరుదు. మూత్రపిండాల జబ్బుతో పొటాషియం, మెగ్నీషియం పరిమితి ఉన్నవాళ్ళు వైద్యులను అడిగి తినాలి. మధుమేహానికి నాగజెముడు మంచిదన్న మాట ఎక్కువగా లేత మట్టల మీద జరిగిన పరిశీలనల నుంచి వచ్చింది. పండు సంగతి వేరు, దాని రసం చక్కెర నీళ్ళతో సమానంగా లెక్కలోకి రావాలి. ఎర్ర రకాలు తిన్న మర్నాడు మూత్రం గులాబీ రంగులో రావచ్చు. అది బెటానిన్ రంగే. పండు మానేశాక కూడా ఎరుపు కనిపిస్తే మాత్రం పరీక్ష చేయించుకోవాలి.

వలవని పండ్లు చల్లటి నీడలో నాలుగైదు రోజులు, ఫ్రిజ్‌లోని కూరగాయల అరలో రెండు వారాల దాకా ఉంటాయి. 5 డిగ్రీల కంటే చల్లటి అర వీటికి పడదు, తొక్క మీద గోధుమరంగు గుంటలు పడి కుళ్ళు మొదలవుతుంది. వలిచినవి రెండు మూడు రోజులే. రసాన్ని ఐస్ ట్రేలో గడ్డకట్టించి సంచిలో వేసుకుంటే ఆరు నెలల దాకా రంగు నిలుస్తుంది, కావలసినన్ని ముక్కలే తీసుకోవచ్చు.